లారీ కదిలేముందు చదవాల్సిన కాగితం

పిల్లలూ,

మార్చిలో పరీక్షలు, ఏప్రిల్‌లో కొత్త తరగతి, ఆ తర్వాత బదిలీ ఉత్తర్వులు. మనలాంటి బడుల్లో ఏడాది ఇలాగే తిరుగుతుంది. “ఇప్పటికి ఎన్ని ఊళ్లు మారారు?” అని తరగతిలో అడిగితే, ఒక చేతి వేళ్లు చాలక రెండో చెయ్యి ఎత్తేవాళ్లు ఇద్దరైనా ఉంటారు. అట్టపెట్టెల వాసన, టేపు చింపే చప్పుడు, ఖాళీ గదిలో మన గొంతు మనకే కొత్తగా వినిపించడం, ఇవన్నీ మీకు తెలిసినవే. ఉపాధ్యాయుల ఇళ్లూ ఇందుకు భిన్నం కావు. మేమూ మీలాగే ఊరూరా తిరుగుతున్నవాళ్లమే.

ఈ హడావిడిలో ఒక చిన్న కాగితం ఉంటుంది. సామానంతా లారీ ఎక్కాక, అమ్మ గదులన్నీ చివరిసారి చూసి వస్తుండగా, ఒకాయన అట్టకు క్లిప్పుతో పెట్టి తెస్తాడు. “ఇక్కడ సంతకం పెట్టండి సార్” అంటాడు. నాన్న పెన్ను తీసి పెట్టేస్తారు. ఎవరూ చదవరు. ఆ కాగితం పేరే సేవా ఒప్పందం. డబ్బిచ్చి పని చేయించుకునే వినియోగదారుకూ, పని చేసిపెట్టే గుత్తేదారుకూ మధ్య జరిగిన మాట అది. దాన్ని ఎలా చదవాలో ఈసారి మన తెలుగు విభాగంలో నేర్చుకుందాం. మేము చదవకుండా సంతకం పెట్టి నష్టపోయాం కాబట్టి, ముందు ఆ కథే చెబుతాం.

ఒక చెక్క పెట్టె కథ

మా ఇంట్లో ఒక హార్మోనియం ఉంది. మా తాతగారు పౌరాణిక నాటకాలకు వాయించినది. తెర వెనక, పెట్రోమాక్సు వెలుగులో, తెల్లవార్లూ పద్యాలకు శ్రుతి ఇచ్చిన పెట్టె అది. మాకు విజయవాడ నుంచి జబల్‌పూర్‌కు బదిలీ అయినప్పుడు అది కూడా మాతో బయలుదేరింది. జూలై నెల, వానాకాలం. సామాను సర్దించే సంస్థ మనిషి గబగబా జాబితా రాసుకున్నాడు. మంచం, బీరువా, ఫ్రిజ్, పెట్టెలు ఇన్ని. హార్మోనియం దగ్గరికి వచ్చేసరికి దాని మీద పాత దుప్పటి చుట్టి ఉంది. తట్టి చూసి “చెక్క పెట్టె – 1, పాతది” అని రాశాడు. మేము పక్కనే ఉన్నాం. చూశాం. ఏమీ అనలేదు.

లారీ నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. మా సామానుతో పాటు మరో ఇంటి సామాను కూడా అందులో వేశారని, దారిలో ఒక గోదాములో దించి మళ్లీ ఎక్కించారని అప్పుడు తెలిసింది. రాత్రి తొమ్మిదైంది. డ్రైవరు తొందరపడుతున్నాడు. “సామాను అంతా మంచి స్థితిలో అందింది” అన్న వాక్యం కింద సంతకం పెట్టి పంపించాం. మర్నాడు దుప్పటి విప్పితే నీళ్లు కారాయి. తిత్తి అంటు ఊడిపోయింది. కొన్ని మెట్లు నొక్కితే గాలి మాత్రమే వచ్చింది, స్వరం రాలేదు.

సంస్థకు ఉత్తరం రాశాం. వాళ్ల జవాబు సారాంశం రెండు ముక్కలు. జాబితా ప్రకారం మీరు ఇచ్చింది పాత చెక్క పెట్టె, మీకు చేరింది పాత చెక్క పెట్టే. పైగా మంచి స్థితిలో అందిందని మీరే సంతకం పెట్టారు. ఆ జవాబు చదివి కోపం వచ్చింది గానీ, దానికి తిరుగు జవాబు రాయడానికి మా చేతిలో ఒక్క కాగితం కూడా లేదు. ఆ రెండు కాగితాల మీదా ఉన్నవి మా సంతకాలే.

ఒప్పందం అంటే ఏమిటి?

ఈ మాటకు మన భాషలో చాలా పేర్లున్నాయి. ఒప్పందం, ఒడంబడిక, కరారు. పని మొత్తానికి కలిపి ఇంత అని మాట్లాడుకోవడాన్ని గుత్త అంటాం. చెరువు గుత్త, తోట గుత్త మీరు పల్లెటూరికి వెళ్లినప్పుడు విని ఉంటారు. గుత్తకు తీసుకున్నవాడు గుత్తేదారు. కాంట్రాక్టరుకు మన పత్రికలు వాడే మాట ఇదే. రోజుకు ఇంత అని ఇస్తే కూలి, పని మొత్తానికి ఇంత అని ఇస్తే గుత్త. ఇల్లు మార్చడం చాలావరకు గుత్త పనే.

మన దేశంలో ఒప్పందాలకు మూలమైన చట్టం 1872 నాటి భారత ఒప్పందాల చట్టం. నూట యాభై ఏళ్లు దాటినా దాని ప్రాథమిక సూత్రాలు ఇప్పటికీ అవే. అందులోని 10వ సెక్షన్ ప్రకారం ఒప్పందం చెల్లాలంటే కొన్ని ఉండాలి. ఇద్దరూ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి. బెదిరించో మోసగించో ఒప్పించకూడదు. ఇద్దరికీ ఒప్పందం చేసుకునే అర్హత ఉండాలి. ఒకరు చేసే పనికి మరొకరు ఇచ్చే ప్రతిఫలం ఉండాలి. ఆ పనీ ఆ ప్రతిఫలమూ చట్టానికి విరుద్ధం కాకూడదు. అర్హత అంటే ఏమిటని అడుగుతారేమో. మతి స్థిమితం ఉండాలి, మైనారిటీ తీరి ఉండాలి. అంటే సాధారణంగా 18 ఏళ్లు నిండాలి. కాబట్టి మీరు సంతకం పెట్టలేరు. కానీ మీరు చేయగలిగిన పని చాలా ఉంది. దాని సంగతి చివర్లో చెబుతాం.

అదే చట్టంలో 13వ సెక్షన్ చాలా చిన్నది. సమ్మతి అంటే ఏమిటో చెబుతుంది. ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి అంటుంది. ఆ మాట మీద ఒక్క క్షణం ఆగండి. మా మనసులో ఉన్నది హార్మోనియం. సంస్థ మనిషి మనసులో ఉన్నది చెక్క పెట్టె. ఒకే వస్తువు ముందు నిలబడి మేమిద్దరం రెండు వేరు వేరు వస్తువుల గురించి మాట్లాడుకున్నాం.

ఒప్పందం కాగితం మీదే ఉండాలా? ఇలాంటి పనులకు అక్కర్లేదు. ఫోనులో అనుకున్న మాట కూడా ఒప్పందమే. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. “మూడు రోజుల్లో చేరుస్తామన్నారు కదా” అని మనం, “ఎవరన్నారు?” అని వాళ్లు. మాట నీటిమూట అని పెద్దలు ఊరికే అనలేదు. కాగితం మీద పడ్డ మాట రేపు కూడా ఈ రోజు చెప్పిందే చెబుతుంది.

వ్యాకరణంతో చదవండి

చట్టం చదవనివాళ్లకు కూడా ఒప్పందం చదివే పద్ధతి ఒకటి ఉంది. అది మీరు ఆరో తరగతిలోనే నేర్చుకున్నారు. ప్రతి వాక్యానికీ కర్త, కర్మ, క్రియ ఎక్కడున్నాయో వెతకడమే.

ఇలాంటి కాగితాల్లో తరచుగా కనిపించే వాక్యం ఒకటి చూడండి. “సామాను జాగ్రత్తగా చేరవేయబడును.” చేరవేయడం క్రియ. సామాను కర్మ. మరి కర్త ఎవరు? లేడు. ఇది కర్మణి వాక్యం. పరీక్షలో దీన్ని కర్తరి వాక్యంగా మార్చమంటే “ఎవరు?” అని మీరు వెంటనే అడుగుతారు. ఒప్పందం చదివేటప్పుడూ అదే అడగాలి. మనతో మాట్లాడిన సంస్థేనా, అది పని అప్పగించిన మరో లారీ యజమానా? కర్త లేని వాక్యం కింద సంతకం పెడితే, రేపు తప్పు జరిగినప్పుడు ఆ తప్పుకూ కర్త దొరకడు.

ఇప్పుడు అదే వాక్యాన్ని మార్చి రాద్దాం. “సంస్థ ఈ జాబితాలోని సామానును జూలై 12 సాయంత్రం 6 గంటల లోపు కొత్త ఇంటి రెండో అంతస్తుకు చేర్చాలి.” ఎవరు, దేన్ని, ఎప్పటిలోగా, ఎక్కడికి, అన్నీ వచ్చాయి. ఇక “ఎంతకు”, “జరగకపోతే ఏమిటి” అన్న రెండూ చేరిస్తే ఒప్పందం సగం పూర్తయినట్టే.

కొన్ని మాటల దగ్గర ఎర్ర పెన్ను తీయండి. “సుమారు”, “వీలైనంత త్వరగా”, “తగిన రుసుము”, “వగైరా”. వ్యాసరచనలో ఈ మాటలు తప్పు కాదు. ఒప్పందంలో మాత్రం ఇవి తలుపు తెరిచిపెట్టిన గదుల్లాంటివి. సుమారు అంటే ఎంత? తగిన రుసుము అని ఎవరు తేలుస్తారు? వగైరాలో ఇంకా ఏమేం ఉన్నాయి? అడిగి, అంకె వేయించాలి.

ఈ కాగితాలు ఎక్కువగా ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. అందుకే మేము ఒక చిన్న పరీక్ష పెట్టుకున్నాం. ప్రతి షరతునూ ఇంట్లో అమ్మమ్మకో బామ్మకో తెలుగులో చెప్పాలి. ఆవిడకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే అది మనకూ అర్థం కానట్టే. ఇంగ్లీషులో చదివినప్పుడు గంభీరంగా అనిపించిన వాక్యం, తెలుగులోకి వచ్చేసరికి “ఏం జరిగినా మాకు సంబంధం లేదు” అని తేలడం మేము చూశాం.

ఏ ఏ అంశాలు ఉండాలి?

మొదటిది జాబితా. ఏ వస్తువు, ఎన్ని, ఏ స్థితిలో ఉంది, విలువ ఎంత. “టీవీ – 1” అని కాదు, ఏ కంపెనీది, ఎన్ని అంగుళాలది, పనిచేస్తోందా, గీతలు ఉన్నాయా అని. మన చట్టంలో 73వ సెక్షన్ నష్టపరిహారం గురించి చెబుతుంది. ఒప్పందం తప్పడం వల్ల మామూలుగా కలిగే నష్టానికి, లేదా ఒప్పందం చేసుకునేటప్పుడే ఇలాంటి నష్టం కలగవచ్చని ఇద్దరికీ తెలిసిన నష్టానికి పరిహారం అడగవచ్చు. ఎక్కడో దూరంగా, పరోక్షంగా కలిగిన నష్టానికి అడగలేం. కాబట్టి ఎదుటివాడికి ముందుగా ఏం తెలుసు అన్నది ముఖ్యం. దుప్పటి కింద ఉన్నది ఏమిటో మేము చెప్పి ఉండాల్సింది.

రెండోది డబ్బు. మొత్తం ఎంత, అడ్వాన్సు ఎంత, మిగిలింది ఎప్పుడు. అదనపు ఖర్చులు ఏవి? మెట్ల మీద మోయడానికి, లారీ ఇంటిదాకా రాకపోతే దూరం మోయడానికి, గోదాములో ఉంచడానికి, మళ్లీ విప్పి బిగించడానికి విడిగా తీసుకుంటారా? ఇవన్నీ ముందే రాయించకపోతే సామాను కొత్త ఇంటి గుమ్మం ముందున్నప్పుడు మాట్లాడుకోవాల్సి వస్తుంది. అప్పుడు బేరం మన చేతిలో ఉండదు. ఎంత ఇచ్చినా రసీదు తీసుకోవాలి.

మూడోది పూచీ. వస్తువు పాడైతే ఎవరు బాధ్యులు? 1872 చట్టంలోని 151వ సెక్షన్ ప్రకారం, ఇతరుల వస్తువును అప్పగింతగా తీసుకున్నవాడు, సాధారణ వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్తగా చూడాలి. కానీ కాగితంలో ఒక మూల సన్నని అక్షరాల్లో “యజమాని పూచీ మీదే” అని ఉంటుంది. ఆ మాట కనిపిస్తే ఆగి అడగండి. బీమా పేరుతో డబ్బు తీసుకుంటే, ఏ బీమా కంపెనీ, పాలసీ సంఖ్య ఎంత, మన సామాను విలువ అందులో ఎంత రాశారు అని అడిగి, ఆ పత్రం నకలు తీసుకోవాలి. బీమా డబ్బు కట్టడమూ బీమా ఉండడమూ ఒకటి కాదు.

నాలుగోది రవాణా రసీదు. లారీ వాళ్లు దీన్ని బిల్టీ అంటారు. రోడ్డు మార్గంలో సరుకు చేరవేసే సంస్థలకు 2007లో ఒక ప్రత్యేక చట్టం వచ్చింది. సరుకు పోయినా, పాడైనా దావా వేసేముందు, సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని అందులో ఉంది. కొత్త ఊరు, కొత్త బడి, గ్యాసు కనెక్షను, ఇలా ఆర్నెల్లు ఇట్టే గడిచిపోతాయి. అందుకే ఫోనులో పదిసార్లు అరవడం కన్నా ఒక్క ఉత్తరం మేలు.

ఐదోది చివరి సంతకం. సామాను దిగాక పెట్టేది. పెట్టెలు విప్పకుండా “మంచి స్థితిలో అందింది” అని ఒప్పుకోకూడదు. డ్రైవరు నిలబడలేనంటే, సంతకం పక్కనే మన చేత్తో “పెట్టెలు 38 అందాయి, విప్పి చూడలేదు” అని రాసి, తేదీ, సమయం వేయవచ్చు. ఆ ఒక్క వాక్యం రాసి ఉంటే మా ఉత్తరానికి బలం ఉండేది.

గుత్తేదారు వైపు నుంచి కూడా

ఇంతవరకూ చదివి, పని చేసిపెట్టేవాళ్లంతా మోసగాళ్లని అనుకోకండి. ఒకసారి తప్పు మాదే.

అంతకు ముందు బదిలీలో హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్లాలి. ఫోనులో “రెండు గదుల ఇల్లు, సామాను తక్కువే” అన్నాం. తెలుగు చెప్పుకుని బతికేవాళ్ల ఇంట్లో పుస్తకాలు ఎన్ని ఉంటాయో మాకే తెలియలేదు. సర్దితే పద్నాలుగు పెట్టెలు అయ్యాయి. పైగా మాది మూడో అంతస్తు. లిఫ్టులో సామాను ఎక్కించకూడదని మా అపార్టుమెంటు నియమం. ఆ సంగతి కూడా చెప్పలేదు. వచ్చింది చిన్న బండి, నలుగురు మనుషులు. పుస్తకాల పెట్టెలు మోసి మోసి మధ్యాహ్నానికి వాళ్ల చొక్కాలు తడిసిపోయాయి. మేస్త్రి అదనంగా అడిగాడు. “ముందే ఒక మాట అనుకున్నాం కదా” అన్నాం మేము.

ఆయన గొంతు పెంచలేదు. “సార్, కాయితం మీద రాయుండ్రి, ఎంతైనా మోస్తం. రాయని బరువు మా నడుం మీదనే పడ్తది” అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. రెండో బండికీ, మెట్ల కూలికీ విడిగా ఎంతో మాట్లాడుకుని, పాత కాగితం మీదే రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఒప్పందాన్ని మధ్యలో మార్చుకోవచ్చు. అయితే ఇద్దరూ ఒప్పుకోవాలి, మార్చిన సంగతి రాసుకోవాలి. ఒక్కరు మార్చితే అది చెల్లదు.

ఇందులోంచి మేము నేర్చుకున్నది ఒకటుంది. వినియోగదారుకూ బాధ్యతలున్నాయి. నిజమైన వివరాలు చెప్పాలి. పని జరిగే చోటు సిద్ధంగా ఉంచాలి. అనుకున్న రోజున అనుకున్న డబ్బు ఇవ్వాలి. రాయమని అడగడం ఎదుటి మనిషిని అనుమానించడం అనుకుంటారు చాలామంది. కానీ రాసుకున్నప్పుడు మోసేవాడి వీపుకూ రక్షణ, మోయించేవాడి వస్తువుకూ రక్షణ.

ఇదంతా లారీకే కాదు. ఇంటికి సున్నం వేయించినా, ఏసీకి ఏడాది నిర్వహణ ఒప్పందం తీసుకున్నా, బడి వ్యాను మాట్లాడుకున్నా ఇదే పద్ధతి. రంగులు వేసేవారితో ఎన్ని కోట్లు, ఏ రంగు, సామగ్రి ఎవరిది అని రాసుకోవాలి. ఏసీ ఒప్పందంలో ఏడాదికి ఎన్నిసార్లు వచ్చి చూస్తారు, విడిభాగాల ఖరీదు అందులో కలిసి ఉందా లేదా అని చూడాలి. “ఉచిత సేవ” అన్న మాట కింద ఏవి ఉచితం కావో వెతకాలి.

తేడా వస్తే?

ముందు ఫొటోలు. పెట్టె విప్పకముందు ఒకటి, విప్పుతూ ఒకటి, విప్పాక ఒకటి. తర్వాత సంస్థకు ఉత్తరమో ఈమెయిలో. అందులో తిట్లు వద్దు. తేదీ, రసీదు సంఖ్య, జాబితాలో ఎన్నో వరుస, ఏమైంది, మనం కోరేది ఏమిటి, ఎన్ని రోజుల్లో, ఇంతే. తెలుగు పుస్తకంలో మీరు రాసే ఫిర్యాదు లేఖ నమూనా సరిగ్గా దీనికోసమే. అది మార్కులకే అనుకోకండి.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. దీని విషయంలో మనలాంటి బదిలీ కుటుంబాలకు ఒక మంచి మార్పు వచ్చింది. 1986 నాటి పాత వినియోగదారుల చట్టం కింద, సంస్థ ఉన్న చోటో, వివాదం పుట్టిన చోటో ఫిర్యాదు చేయాల్సి వచ్చేది. ఊరు వదిలి వెయ్యి కిలోమీటర్ల దూరం వచ్చేసినవాళ్లు మళ్లీ అక్కడికి తిరగగలరా? 2020 జూలైలో అమల్లోకి వచ్చిన 2019 నాటి కొత్త చట్టం, ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కూడా ఫిర్యాదు చేయవచ్చంది. అంటే కొత్త ఊళ్లోనే. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్ల లోపు వెళ్లాలి. న్యాయవాది లేకుండా స్వయంగా కూడా మాట్లాడుకోవచ్చు.

అయితే ఏ కమిషన్ అయినా ముందు అడిగేది కాగితమే. అది మన చేతిలో లేకపోతే అన్ని హక్కులూ ఉండి కూడా, మేము ఆ రోజు కూర్చున్నట్టు మౌనంగా కూర్చోవాలి.

మీ పని ఏమిటి?

18 ఏళ్లు నిండనివాళ్లు సంతకం పెట్టలేరు. కానీ ఇంట్లో జాబితా రాయగలిగేది మీరే. పెద్దలకు ఆ రోజు తీరిక ఉండదు. ఒక నోటు పుస్తకం తీసుకోండి. ప్రతి పెట్టెకూ సంఖ్య వేయండి. పెట్టె మీద సంఖ్య, పుస్తకంలో అదే సంఖ్య ఎదురుగా లోపల ఏమున్నాయో రాయండి. పగిలేవాటికీ తడవకూడనివాటికీ గుర్తు పెట్టండి. ఫొటోలు తీయండి. కాగితం వచ్చినప్పుడు “నాన్నా, ఒక్కసారి పైకి చదువుతాను” అనండి. చదివేటప్పుడు కర్త లేని వాక్యం దగ్గర ఆగండి.

ఇంకొక మాట. పెట్టె మీద తెలుగులో రాసుకుంటే మనకు ముచ్చటగా ఉంటుంది. కానీ దాన్ని ఎత్తేవారికి అర్థమయ్యే భాషలో కూడా రాయాలి. తెలుగు చెప్పేవాళ్లమై ఉండి ఈ మాట అంటున్నాం. జాబితా చదవాల్సింది మోసే మనిషి.

ఇది మాకు జబల్‌పూర్ నుంచి భువనేశ్వర్‌కు వచ్చేటప్పుడు తెలిసింది. ఆ బదిలీకి మా పాప ఐదో తరగతి. జాబితా అంతా తనే రాసింది. ఇరవై ఏడో వరుసలో హిందీలో ఇలా ఉంది: “హార్మోనియం – 1. తాతగారిది. రెండు మెట్లు పలకవు. తడవకూడదు. మీద బరువు పెట్టకూడదు.” విలువ గడిలో మేము ఒక అంకె వేశాం. బాగుచేసినతను చెప్పిన అంకె అది.

సామాను ఎక్కించే కుర్రవాడు జాబితా చూస్తూ ఆ వరుస దగ్గర ఆగాడు. “బాజా హై క్యా?” అని అడిగాడు. అవునన్నాం. పెట్టెను కింద పెట్టి, లారీ దగ్గరికి వెళ్లి ఒక ప్లాస్టిక్ పట్టా తెచ్చాడు. రెండు చుట్లు చుట్టి, పరుపుల మధ్య నిలబెట్టాడు. మేమెవరం అతనికి ఆ పని చెప్పలేదు.

అప్పుడు అర్థమైంది. జాబితా కోర్టు కోసమే రాస్తారని మేము అప్పటిదాకా అనుకున్నాం. అంతకన్నా ముందు, చేతిలో ఉన్నది ఏమిటో ఎత్తే మనిషికి అది చెబుతుంది. చెక్క పెట్టె అని రాస్తే చెక్క పెట్టెలాగే ఎత్తుతారు. ఆ మొదటిసారి కూడా ఎవరూ దాన్ని కావాలని వానలో వదిలి ఉండరు.

హార్మోనియం ఇప్పుడు మా ఇంట్లో కిటికీ పక్కన ఉంది. ఆ రెండు మెట్లు ఇప్పటికీ పలకవు. పాప వాటిని దాటేసి వాయించడం నేర్చుకుంది.

ఈ వేసవిలో మీలో కొందరి ఇళ్ల ముందు లారీ ఆగుతుంది. ఆ రోజు మీ నోటు పుస్తకంలో మొదటి పేజీ తీసి, పై వరుసలో తేదీ వేయండి. ఒకటో సంఖ్య పెట్టె దగ్గర మొదలుపెట్టండి. కొత్త బడిలో చేరాక, ఎన్ని పెట్టెలు బయలుదేరాయో, ఎన్ని చేరాయో అక్కడి తెలుగు టీచరుకు ఒక ఉత్తరం రాసి చూపించండి.